లంగరు తెగిన మాటలు

ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చదివిన మనిషి కంప్యూటరు ప్రోగ్రాముల వివరణ గ్రంథాలను తెలుగు చేస్తూ పొట్టపోసుకుంటున్నదంటే వినేవారికి కొంచెం జాలీ, కొంచెం నవ్వూ కలగడం సహజం. ఆ రెండింటికీ నేను ఏనాడో అలవాటు పడ్డాను. అయితే గడచిన రెండేళ్ళలో అనువాదం కంటె ఎక్కువ పొద్దు నేను మరొక పని మీద వెచ్చించవలసి వచ్చింది. దాన్ని గురించి చెప్పబోతే సాహిత్య మిత్రులకు అర్థం కాదు, వృత్తి మిత్రులకు ఆసక్తి ఉండదు. ఆ పని పేరు లంగర్లు సరిచేయడం.

లంగరన్నది నేను కల్పించిన పారిభాషిక పదం కాదు. టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో 1989లో ప్రతిపాదించిన పుటల వలలో, ఒక పుటలోని ఒకానొక చోటుకు గుర్తు వేసి, వేరొక పుట నుంచి సరాసరి ఆ చోటికే వచ్చి దిగే ఏర్పాటు తొలినాళ్ళ నుంచీ ఉన్నది. ఆ గుర్తుకు ఇంగ్లీషువారు ఓడ లంగరు పేరే పెట్టారు. ఎక్కడో ఒకచోట 'వివరాలకు ఫలానా ప్రకరణం చూడండి' అని నీలిరంగులో కనిపిస్తుంది. దానిమీద నొక్కితే ఆ ప్రకరణం తెరమీదికి రావాలి. వస్తే అది లంగరు చలవ. రాకపోతే? ఇక్కడే ఉన్నది చిక్కంతా.

లింకులోని చిరునామా రెండు ముక్కలు. నడుమ ఒక హ్యాష్ గుర్తు ఉంటుంది. దానికి ముందున్నది పుట పేరు. అది దూరాన ఉన్న కంప్యూటరుకు చేరుతుంది. వెనక ఉన్నది లంగరు పేరు. అది పాఠకుని యంత్రం గడప దాటదు. పుట లేకపోతే ఆ దూరపు కంప్యూటరు 'లేదు' అని జవాబిస్తుంది, లెక్కల్లో ఆ సంగతి నమోదవుతుంది, ఎవరో ఒకరు చూసి సరిదిద్దుతారు. లంగరు లేకపోతే మట్టుకు ఎవరూ ఏమీ అనరు. పుట మొదటి వరుస తెరుచుకుంటుంది, అంతే. చిరునామాదారు దొరకలేదని రాసి ఉత్తరం తిప్పి పంపే తపాలా బంట్రోతు కాదు ఇతడు. దాన్ని ఊరి పొలిమేరలో జారవిడిచి చప్పుడు చేయకుండా పోయేవాడు. లంగరు లేకపోవడం కూడా కొంత మేలే. అదే పేరుతో మరొకచోట లంగరు ఉంటే, పాఠకుడు తాను కోరిన చోటికే వచ్చానని నమ్మి అక్కడ చెప్పినట్టు చేస్తాడు.

ఈ గ్రంథాలను మనిషి కూర్చుని కూర్పు చేయడన్న సంగతి పాఠకులకు విన్నవించాలి. ప్రోగ్రాము రాసేవారు ఆ ప్రోగ్రాములోనే అక్కడక్కడ వివరణ వాక్యాలు చేరుస్తారు. ఒక యంత్రం, అంటే మరొక ప్రోగ్రాము, వాటన్నిటినీ ఏరి, శీర్షికలు పెట్టి, విషయసూచిక కట్టి, లంగర్లు వేసి, పుటలుగా అచ్చుపోస్తుంది. 1990ల నడుమ జావా భాషతో పాటు వచ్చిన జావాడాక్, 1997లో వచ్చిన డాక్సిజెన్, పైథాన్ భాషా గ్రంథం కోసం గేయోర్గ్ బ్రాండల్ తయారుచేయగా 2008లో వెలువడిన స్ఫింక్స్ ఈ కోవలోనివి. ఒకసారి మీట నొక్కితే వేల పుటలు క్షణాల్లో తయారవుతాయి. కాని లంగరు పేరు ఎట్లా పెట్టాలన్న సూత్రం ఆ యంత్రం పొట్టలో ఉంటుంది. ఆ సూత్రం మారిందా, లోకంలో ఎక్కడెక్కడో ఎవరెవరో రాసుకున్న లింకులన్నీ ఒక్క రాత్రిలో తెగిపోతాయి. జావాడాక్ పూర్వం లంగరు పేర్లలో కుండలీకరణాలు వాడేది. పాత నియమావళి అటువంటి గుర్తులను ఒప్పదని 2014లో జావా 8తో వాటిని తీసి అడ్డగీతలు పెట్టారు. కొత్త నియమావళి ఒప్పుతుంది గనుక 2018లో జావా 10తో మళ్ళీ కుండలీకరణాలకే వచ్చారు. ఇద్దరి వాదమూ సమంజసమే. లింకులు రాసుకున్నవారికి మట్టుకు రెండుసార్లు ఇల్లు మారినట్టయింది.

మాది రైల్వే కుటుంబం. మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి కుదిరి బిలాస్‌పూర్ వచ్చారు. ఆ రోజుల్లో ఆ దారిన ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లోనూ బిలాస్‌పూర్‌లోనూ పేటలకు పేటలు నింపాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, కళాశాలలో ఇంగ్లీషు. తెలుగు చదవడం నాకు బడి నేర్పలేదు. విశాఖపట్నం వైపు నుంచి వచ్చే నాన్నగారి స్నేహితులు తెచ్చిపెట్టే పత్రికలు నేర్పాయి. వివాహమైన తరువాత తఖత్‌పూర్ చేరాను. బిలాస్‌పూర్ నుంచి ముంగేలి పోయే దారిలో, సుమారు ముప్పై కిలోమీటర్ల దూరాన, మనియారీ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణమిది. మావారు ఇక్కడి బడిలో లెక్కలు చెబుతారు. కోతల కాలంలో వీధులన్నీ వడ్ల బళ్ళతో నిండిపోయే ఈ ఊళ్ళో నా పనేమిటో ఇరుగు పొరుగులకు నేటికీ అంతుపట్టదు.

రైల్వేవారి ఇంట్లో పుట్టినందువల్ల నాకొక సంగతి చిన్ననాడే తెలిసింది. తాతగారు ఉద్యోగంలో చేరింది బెంగాల్ నాగపూర్ రైల్వేలో. 1944లో దాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. 1952లో అది తూర్పు రైల్వేలో కలిసింది, 1955లో ఆగ్నేయ రైల్వే అయింది, 2003లో మా వైపు భాగం ఆగ్నేయ మధ్య రైల్వేగా విడివడింది. తాతగారు, నాన్నగారు, అన్నయ్య ఒకే స్టేషన్లో పనిచేశారు. ముగ్గురి జీతం కాగితాల మీదా ముద్రలు వేరు. పేరు మారుతుంది, చోటు మారదు. చోటుకు పేరుతో నిమిత్తం లేని గుర్తు ఒకటి ఉండాలి. మద్రాసు 1996లో చెన్నై అయింది, సెంట్రల్ స్టేషన్‌కు 2019లో ఎం.జి.ఆర్. పేరు పెట్టారు, టిక్కెట్ల లెక్కల్లో దాని సంకేతం మట్టుకు నాటికీ నేటికీ ఎం.ఎ.ఎస్. మొగల్‌సరాయి విషయంలో అట్లా జరగలేదు. 2018లో పేరు మారగానే ఎం.జి.ఎస్. పోయి డి.డి.యు. వచ్చింది. 2020లో అలహాబాదు ప్రయాగ్‌రాజ్ స్టేషన్ అయినప్పుడు సంకేతం కూడా మార్చారు. రెండు పద్ధతులకూ కారణాలుంటాయి. నా ఓటు మద్రాసు వైపు.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక సంస్థ ప్రారంభ విద్యార్థుల కోసం పైథాన్ భాషకు ఒక మార్గదర్శిని తయారుచేసి, దాన్ని అనేక భారతీయ భాషల్లోకి తెప్పించింది. తెలుగు నా వంతు. మాటకు ఇంతని లెక్క. శీర్షికలతో సహా నేను తెలుగు చేసి పంపితే, వారి యంత్రం పుటలు కట్టేది. ఆ యంత్రం లంగరు పేరును శీర్షిక నుంచే తయారుచేస్తుంది: పెద్ద అక్షరాలను చిన్నవి చేసి, మాటల నడుమ అడ్డగీతలు పెట్టి, రోమను అక్షరాలూ అంకెలూ కాని వాటినన్నిటినీ కొట్టేస్తుంది. ఇంగ్లీషు శీర్షికకు ఇంపైన లంగరు వస్తుంది. తెలుగు శీర్షికలో రోమను అక్షరమే లేదు గదా! అన్నీ కొట్టేయగా మిగిలేది శూన్యం. శూన్యం మిగిలినప్పుడు యంత్రం వరుస సంఖ్య వేస్తుంది. అట్లా మన తెలుగు ప్రకరణాలన్నీ జైలు ఖైదీల మాదిరి ఒకటి, రెండు, మూడు అయికూర్చున్నాయి. 'ఫైలు చివర ఒక వరుస చేర్చడం' అన్న ప్రకరణం ఆ పుటలో ఏడోది. వేరే అధ్యాయాల్లో దానికి ఇచ్చిన లింకులన్నీ 'ఏడు'కు పోతున్నాయి.

వరుస సంఖ్యల ప్రమాదం ఏమిటో ముందే ఊహించి సంస్థకు రాశాను. లంగర్లు మాటలు కావనీ, అవి అనువాదకుల పరిధిలోనివి కావనీ మర్యాదగా జవాబిచ్చారు. మాటల లెక్కలో లంగరు విలువ సున్నా అన్నది వాస్తవమే.

కొన్నాళ్ళకు సంస్థవారు మూలంలో ఒక చిన్న ప్రకరణం కొత్తగా చేర్చారు. ఫైళ్ళ విషయంలో జాగ్రత్తలు చెప్పే హెచ్చరిక అది. ఆ పుట మొదట్లోనే పెట్టారు. మంచి ఉద్దేశమే. నేను దాన్ని తెలుగు చేశాను, యంత్రం పుట తిరగగట్టింది. దాంతో ఆరోది ఏడయింది, ఏడోది ఎనిమిదయింది. ఇంగ్లీషు పాఠకులకు ఏమీ కాలేదు. వారి లంగర్లు శీర్షికల పేర్లతో ఉన్నాయి. తెలుగు పాఠకులు 'చివర ఒక వరుస చేర్చడం' అన్న లింకు నొక్కితే 'కొత్తగా ఫైలు రాయడం' దగ్గర దిగుతున్నారు. ఈ రెంటికీ భేదం ఒకే ఒక్క అక్షరం. ఫైలు తెరిచేటప్పుడు 'ఎ' అని చెబితే ఉన్నదానికి చివర చేరుస్తుంది. 'డబ్ల్యూ' అని చెబితే అందులో అంతవరకూ ఉన్నదంతా తుడిచిపెట్టి మొదటినుంచి రాస్తుంది. అడగదు, హెచ్చరించదు. పైథాన్ ఇందులో తప్పు చేయడం లేదు. చెప్పిన పనే చేస్తుంది.

బిలాస్‌పూర్‌లో మా పుట్టింటి పక్కవాటాలో ఉండే వదిన ఇరవై ఏళ్ళుగా చీటీలు నడుపుతున్నది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు, నెలకు వెయ్యి రూపాయలు, పదో తారీఖున పాట. ఆవిడ మేనల్లుడు పలాస నుంచి వచ్చి, వారింట ఉండి డిప్లొమా చదువుతున్నాడు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే తల తిరుగుతుందనేవాడు. మా మార్గదర్శిని అతనికి ఇచ్చింది నేనే. రెండు నెలల్లో దాన్ని సగం దాకా చదివి, అత్తకు చీటీ లెక్కల ప్రోగ్రాము రాసిపెట్టాడు. ఎవరు కట్టారు, ఎంత కట్టారు, పాట ఎవరు పాడుకున్నారు, ఎంతకు తగ్గించారు, నెలకొక వరుస. వదినకు ఎంత ముచ్చటేసిందంటే నాలుగో నెల నుంచి నోటుబుక్కు కట్టిపెట్టేసింది.

పదకొండో నెలలో అతను ప్రోగ్రామును కాస్త సంస్కరించదలచాడు. చేర్చే పద్ధతి ఎట్లా రాయాలో మరొక్కసారి చూసుకుందామని లింకు నొక్కాడు. తెరుచుకున్న చోట ఉన్నదాన్ని ఉన్నట్టు రాసుకున్నాడు. ఆ నెల వరుస చక్కగా చేరింది. పై పది వరుసలూ లేవు.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి తఖత్‌పూర్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "పిన్నీ, మీరు రాసింది చూసే రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తాను ఎక్కడ తప్పాడో తెలియని భయం ఉన్నది. ఇద్దరం కూర్చుని పుట తెరిచాము. నా వాక్యాలు సరిగ్గా ఉన్నాయి. అతని ప్రోగ్రాము ఆ వాక్యాల ప్రకారం సరిగ్గా ఉన్నది. శీర్షిక వైపు చూడలేదా అని నేనడగలేదు. లింకు నొక్కి దిగినవాడు తాను దిగిన స్టేషను పేరు చదవడు, దారి చూపినవాణ్ణి నమ్ముతాడు.

ఆ సాయంత్రమే నేనూ అతని వెంట బిలాస్‌పూర్ వెళ్ళాను. వదిన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నోటుబుక్కు తీసి, మూడు నెలల తరువాతి ఖాళీ పుటను అరచేత్తో రాసుకుంటూ, "ఇరవై ఏళ్ళలో ఒక్క మనిషి నన్ను వేలెత్తి చూపలేదు చెల్లీ" అన్నది. పోయినవి నాలుగో నెల మొదలు పదో నెల దాకా, ఏడు నెలల లెక్కలు. పద్నాలుగు మందిలో ఐదుగురు ఫోను ద్వారా కట్టేవారు గనుక వారి వరుసలు బ్యాంకు నుంచి తేలాయి. తొమ్మిదిమంది చేతికి ఇచ్చేవారు. ఇంటింటికీ పోయి అడిగాము. ఒకావిడ క్యాలెండరు మీద చుక్కలు పెట్టుకున్నది. ఒకావిడ ఏ నెల ఏ నగ తాకట్టు విడిపించిందో చెబుతూ దాని ఆసరాగా చీటీ లెక్క గుర్తు తెచ్చుకున్నది. ఖరగ్‌పూర్‌కు బదిలీ అయిపోయిన కుటుంబానికి ఫోను చేశాము. చివరికి ఒక్క నెల, ఒక్క మనిషి దగ్గర ముడి పడింది. కట్టానని ఆవిడ, తెలియదని వదిన. వదిన 'కట్టింది' అనే రాసుకున్నది. ఆ వెయ్యి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఇద్దరూ ఇప్పుడు కుళాయి దగ్గర పలకరించుకుంటారు గాని, మునుపటిలా ఒకరింట్లో ఒకరు కూర్చోవడం లేదు.

ఈసారి సంస్థకు రాసిన ఉత్తరంలో మర్యాద కొంత తగ్గింది. వారు స్పందించారు. యంత్రం ఇకమీద ఏ లిపినైనా లంగరు పేరులోకి రానిచ్చేటట్టు సంస్కరించామని తెలియజేశారు. సంతోషించాను. కొత్త పుటలు రాగానే లంగర్లు చూశాను. 'తెలుగు' అన్నచోట 'తలగ' అని ఉన్నది.

అర్థమయ్యేందుకు ఒక పూట పట్టింది. కంప్యూటరుకు సంబంధించి తెలుగు లిపిలో 'తె' ఒక అక్షరం కాదు. 'త' ఒకటి, ఎత్వం వేరొకటి. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పు నుంచీ ఇదే ఏర్పాటు. ఆ ఏర్పాటులో 'త'ను అక్షరమనీ, ఎత్వాన్ని అక్షరాన్ని అంటిపెట్టుకునే గుర్తు అనీ వర్గీకరించారు. యంత్రానికి ఇచ్చిన సూత్రం 'అక్షరాలను, అంకెలను ఉంచు, తక్కినవి కొట్టెయ్యి' అని. గుణింతాలన్నీ, పొల్లులన్నీ, సున్నలన్నీ కొట్టుకుపోయాయి. పైథాన్ భాషలో 'పదాక్షరం' అన్న మాటకు ఉన్న నిర్వచనమే ఇటువంటిది. ఆ నిర్వచనాన్ని నమ్మినవారందరికీ ఇదే గతి. హిందీలోనూ అంతే. దిన్, దీన్, దాన్ అన్న మూడూ, అనగా రోజు, దరిద్రుడు, దానం, ఒకే ముద్ద అయిపోతాయి. ఇంగ్లీషులో అచ్చులు హల్లుల పక్కన కూర్చుంటాయి గనుక బతికిపోయాయి. మన అచ్చులు హల్లుల నెత్తిన ఎక్కుతాయి, పక్కన వేలాడతాయి, అందుకు జరిమానా పడింది.

భాషను ప్రేమించేవారికి ఇది ఒక విషాద వినోదం. 'కొలత' అన్న శీర్షిక లంగరులో 'కలత' అయింది. 'గీత' గీయడమెట్లాగో చెప్పే ప్రకరణం 'గత' అయింది. 'వరుస'లను గురించిన అధ్యాయం 'వరస' అయి పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నట్టున్నది. 'కాలం' గురించిన ప్రకరణం పోల్చుకోలేనంతగా మారి 'కల' అయింది. నవ్వుకున్నాను, మావారికి చదివి వినిపించాను. కాని 'కాలం' ఒక్కటే 'కల' కావడం లేదు. 'కీలు' కూడా 'కల', 'కూలి' కూడా 'కల'. ఒకే పుటలో రెండు 'కల'లుంటే యంత్రం రెండోదాని పక్కన ఒకటి అంకె వేస్తుంది. అంటే తిరిగి వరుస సంఖ్యే. తిరిగి అదే ప్రమాదం.

పోనీ, గుణింతాలను కూడా ఉంచమని సూత్రం దిద్దితే? అదీ చేయించి చూశాను. కొత్త నియమావళిలో లంగరు పేరుకు ఖాళీ జాగా తప్ప ఏదైనా పనికివస్తుంది, కాబట్టి తెలుగు పేరుకు అభ్యంతరం లేదు. అయితే లింకును ఒకచోట నుంచి మరొకచోటికి నకలు తీసేసరికి ప్రతి తెలుగు సంకేతమూ తొమ్మిది రోమను చిహ్నాలుగా విచ్చుకుంటుంది. 'తెలుగు' అన్న మూడక్షరాల మాటలో ఆరు సంకేతాలున్నాయి, అంటే యాభై నాలుగు చిహ్నాలు. ఉత్తరంలో అది చూసినవారికి ఏదో పురుగు పట్టిందనిపిస్తుంది. అంతకంటె సూక్ష్మమైన చిక్కులు మరి రెండున్నాయి. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాల రాయవచ్చు: ఏక సంకేతంగా, లేదా ఎత్వమూ దాని కింది కొమ్మూ అని రెండుగా. చూపుకు ఒక్కటే, యంత్రానికి వేర్వేరు. మా గ్రంథం పేరులోనే, 'పైథాన్'లోనే, ఐత్వం ఉన్నది! ఇక రెండోది మా ఊరి పేరు. 'తఖత్‌పూర్' అని రాయాలంటే పొల్లుకూ 'పూ'కూ నడుమ కంటికి కనిపించని విభజన చిహ్నమొకటి వేయాలి. వేయకపోతే పకారం తకారానికి వత్తుగా దిగిపోతుంది. కొందరు మాట చివర కూడా అలవాటుగా దాన్ని వేస్తారు. అక్కడ అది ఉన్నా లేకపోయినా చూపుకు తేడా లేదు, కాని లంగరు కలవదు. కనపడని అక్షరం వల్ల లింకు తెగితే దాన్ని ఎక్కడని వెతకడం?

కనుక లంగరు పేరును శీర్షిక నుంచి తీయడమే తగదని తీర్మానించుకున్నాను. స్ఫింక్స్ వంటి పరికరాల్లో ప్రకరణానికి ముందు రచయిత తానే ఒక గుర్తు పేరు రాసిపెట్టే సదుపాయం ఉన్నది. శీర్షిక మారినా, భాష మారినా, ముందు పది ప్రకరణాలు చేరినా ఆ గుర్తు కదలదు. పైథాన్ అధికార గ్రంథంలో 'ఓపెన్' అన్న ప్రమేయానికి ఫ్రెంచి పుటలోనూ జపాను పుటలోనూ లంగరు 'ఓపెన్' అనే ఉంటుంది. 2017లో ఆ గ్రంథపు అనువాదాలకు పద్ధతి ఏర్పరచినప్పుడు భాష సంకేతాన్ని చిరునామా మొదట్లో వేరుగా ఉంచారు. చిరునామాలో భాష ఒక్కచోటే మారుతుంది, దిగేచోటు మారదు.

ఇదేమీ కొత్త కనుగోలు కాదని సాహిత్యం చదివినవారికి తెలుసు. జెనీవాలో ముద్రాపకుడైన రొబేర్ ఎతియెన్ 1551లో గ్రీకు కొత్త నిబంధనకు వచనాల సంఖ్యలు వేశాడు. ఆయన కుమారుడు ఆంరి 1578లో ప్లేటో సమగ్ర గ్రంథం అచ్చువేశాడు. నేటికీ ఏ భాషలో ప్లేటో అనువాదం తెరిచినా అంచున ఉండేవి ఆ 1578 నాటి పుటల సంఖ్యలే. షేక్‌స్పియరు నాటకాల్లో పంక్తులు లెక్కించడానికి చాలాకాలం 1864 నాటి గ్లోబ్ ముద్రణే ఆధారం, ఎం.ఏ.లో ఆ అంకెలు రాసి రాసి నా వేళ్ళు నొప్పిపుట్టేవి. మన భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్యం అన్న లెక్క ఉన్నది గనుక పండితులు ఏ ముద్రణ పట్టుకున్నా ఒకరి మాట ఒకరికి అందుతుంది. పాపం వేమనకు ఆ భాగ్యం లేదు. బ్రౌన్ దొర 1829లో ఒక కూర్పూ, 1839లో మరింత పెద్ద కూర్పూ వేశాడు; తరువాతివారు ఎవరి వరుస వారు పెట్టుకున్నారు. అందుకే వేమన పద్యాన్ని సంఖ్యతో అడిగేవారుండరు, ఎత్తుగడతోనే అడుగుతారు. మొదటి పాదమే దానికి లంగరు.

నాలుగు నెలలు పట్టింది. వెయ్యికి పైగా ప్రకరణాలు. ఒక్కొక్కదానికి చిన్న రోమను అక్షరాలతో ఒక్కొక్క పేరు. రోమను ఎందుకన్నారు కొందరు మిత్రులు. నాకూ మనసు ఒప్పలేదు గాని, ఉత్తరాల్లోనూ ఫోను సందేశాల్లోనూ చెక్కుచెదరకుండా ప్రయాణం చేయగలిగినవి ప్రస్తుతానికి అవే. లంగరు నీటి అడుగున ఉండే వస్తువు. పైన కనిపించే ఓడ తెలుగుదైతే చాలుననుకున్నాను. పాత లింకులను కూడా దిక్కులేకుండా వదలడానికి వీల్లేదు. హ్యాష్ గుర్తుకు వెనకనున్నది దూరపు కంప్యూటరుకు చేరదు గనుక అక్కడ దారి మళ్ళించే వీలు లేదు. పాత గుర్తును కూడా పుటలోనే, కొత్తదాని పక్కనే, ఉంచాలి. పాత 'ఏడు' అంటే ఏ ఏడు? హెచ్చరిక చేరకముందుదా, చేరిన తరువాతదా? నేను అప్పగించిన ప్రతి కూర్పునూ దాచుకునే అలవాటు ఇక్కడ అక్కరకు వచ్చింది. లింకులు రాసిననాటి 'ఏడు'నే నిలబెట్టాము.

ఈ పనిలో నాకు తోడు ఆ కుర్రవాడే. ప్రతి లింకునూ చదివి, అది చెప్పే లంగరు ఆ పుటలో ఉన్నదో లేదో చూసే ప్రోగ్రాము అతను రాశాడు. మొదటి రాత్రి నూటికి పైగా తెగిన లింకులు పట్టుకున్నది. కాని లంగరు ఉన్నదో లేదో మాత్రమే ఆ ప్రోగ్రాము చెప్పగలదు. ఉన్న లంగరు సరైన చోట ఉన్నదా అన్నది వాక్యం అర్థమైనవారు చదివి చూస్తే తప్ప తేలదు. 'చివర చేర్చడం' లింకును ఆ ప్రోగ్రాముకు చూపిస్తే, ప్రమాదం జరిగిన నాటి పుటలోనే, నిక్షేపంలా ఉన్నదని జవాబిచ్చింది. అందుకని రెండువేల పైచిలుకు లింకులను ఒక్కొక్కటే నొక్కి, దిగి, చదివి, వెనక్కి వచ్చి, గుర్తు పెట్టుకుంటూ పోయాను. ఎం.ఏ. చదువు దేనికి పనికివచ్చిందని అడిగేవారికి చూపించడానికి ఆ జాబితా దాచి ఉంచాను. సంస్థ నుంచి ఈ పనికి పైకం రాలేదు. మాటల లెక్క సున్నా గదా. యంత్రంలో గుర్తు పేర్లకు చోటిచ్చి, తక్కిన భాషలవారికి కూడా ఈ పద్ధతే పంపించారు. హిందీ అనువాదకుడు ఫోను చేసి తన 'దిన్, దీన్, దాన్' కథ తానూ చెప్పుకున్నాడు.

వదిన చీటీ ఈ మధ్యనే ముగిసి, కొత్తది మొదలైంది. పద్నాలుగు మందీ ఉన్నారు. మేనల్లుడి ప్రోగ్రామును మానలేదు, నోటుబుక్కునూ మళ్ళీ తెరిచింది. ప్రతి నెలా పదో తారీఖు రాత్రి రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకుంటున్నది. పోయిన నెల వంద రూపాయల తేడా వచ్చిందట. తప్పు నోటుబుక్కులో ఉన్నది.